పేదవాడి ముక్క

గ్రీసులోని మా కస్తోరియాలో జనవరి పొగమంచు దిగిందంటే సరస్సు ఉన్నట్టే ఉండదు. ఆ ఉదయం మా చిన్నపిల్లల బడి కిటికీల అవతల లోకమంతా పాలల్లో మునిగినట్టుంది. పిల్లలు కలలోంచి సగమే బయటికొచ్చినట్టు కళ్ళు నులుముకుంటూ బల్ల చుట్టూ చేరారు. నాకీ మంచు పడదు, మోకాళ్ళు పీకేస్తాయి. గదంతా నారింజ తొక్క వాసన కమ్ముకునేసరికి నా చిరాకు కూడా ఎటో పోయింది.

కొత్త సంవత్సరం సెలవులయ్యాక మేం బడిలో వాసిలోపిత కోస్తాం. నారింజ తొక్క వేసి చేసే ఆ తీపిరొట్టె లోపల ఒక నాణెం ఉంటుంది, ఎవరి ముక్కలో వస్తే వాళ్ళకు ఏడాదంతా కలిసొస్తుంది. ప్రతి ముక్కా పేరు చెప్పి కోయాలి, ఇక్కడ లేని పేదవాడి పేరునా ఒకటి తీసి ఉంచాలి. కత్తి నా చేతిలోనే ఉంది.

"క్రీస్తుకి. మేరీమాతకి. మన బడికి. పేదవాడికి."

"టీచర్, పేదవాడి ముక్క అంత పల్చగా ఉందేం?" అంది మార్కెల్లా.

చూస్తే నిజమే. అక్కడికొచ్చేసరికి నా కత్తి ఎప్పుడూ దానంతటదే ఒరుగుతుంది.

"వాడిక్కడ లేడుగా," అనేశాను, ఆలోచించకుండా.

"ఎవంథియా ఉందిగా!" అన్నాడు క్లియాంథిస్. వీడి నాన్నది బొచ్చుకోట్ల దుకాణం. "వాళ్ళింట్లో హీటరే వెయ్యరంట. కోట్లు వేసుకునే పడుకుంటారంట. ఇంద, తీసుకో."

ఆ పల్చటి ముక్కను ఆ పిల్ల ముందుకు తోశాడు. వెక్కిరింత కాదు, జాలి. జాలైతే ఇంకా మండుతుంది.

"నేనేం పేదదాన్ని కాదు! నాకేం వద్దు పో! నా ముక్క కూడా వద్దు!" ఎవంథియా లేచి వెళ్ళి కిటికీకి ముఖం ఆనించి నిలబడింది. పేదది అన్న ఆ పేరు ఇవాళ దానికి అంటుకుందంటే పెద్దయ్యేదాకా వదలదు. కత్తి కింద పెట్టేశాను.

"అందరూ కళ్ళు మూసుకోండి," అన్నాను. "మంచులో మన ఊరంతా ఒక పెద్ద రొట్టె అనుకోండి. కొందరు పిండి పిసికారు, కొందరు పొయ్యి రాజేశారు. కోసే వేళకి వాళ్ళింకా పనిలోనే ఉన్నారు. కత్తి పట్టుకున్నవాళ్ళు ఎదురుగా ఉన్నవాళ్ళకి మందంగా కోశారు. లేనివాళ్ళకి మిగిలింది పెట్టారు."

మంచు గదిలోకి కూడా వచ్చినట్టనిపించింది.

"మరి ఈ రొట్టెకి పిండి పిసికిందెవరు?" క్లియాంథిస్ కళ్ళు మూసుకునే అడిగాడు.

"ఎవంథియా వాళ్ళమ్మ. బేకరీలో."

వాడు కళ్ళు తెరిచాడు. "అంత చేస్తే మరి హీటరెందుకు లేదు?"

సిగ్గేసింది. కిటికీ దగ్గరికెళ్ళి, "ఎవూ, రా తల్లీ. మిగతాది నువ్వు కొయ్యి," అన్నాను.

చాలాసేపటికి వచ్చింది. దాని చేతిమీద నా చెయ్యి వేశాను గానీ, కత్తి నడిపింది అదే. ముందు పేదవాడికి మళ్ళీ కోసింది, క్రీస్తు ముక్కంత మందంగా. తర్వాత ఒక్కొక్కరి పేరూ పిలిచింది. నాణెం మార్కెల్లాకొచ్చింది, అది సంతోషంతో కెవ్వుమంది.

"నాది చిన్నది!" అని మూతి ముడిచాడు క్లియాంథిస్.

"నువ్వు ఎదురుగానే ఉన్నావుగా, అడుగుతున్నావు," అంది ఎవంథియా, తన ముక్కలోంచి కాస్త తుంచి వాడికి పెడుతూ. "ఆ పేదవాడు అడగలేడు కదా."