గుమ్మానికి అడ్డంగా మామిడికొమ్మ

మన్యంలో పితూరీ చల్లారిన మరుసటేడు, మైదానం నుంచి వచ్చిన వరహాలరావు అరకు కొండల్లో సోములమ్మ ఊరి కిందనే పెంకుల కొట్టు కట్టాడు. ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేపలు, చీరలు, పూసలు, అద్దాలు, అడగడమే ఆలస్యం. కొండ అవతల జరిగే సంతలో ఏముంది? చెట్ల కింద పరిచిన గోనెపట్టాలు. పైగా కొండ ఎక్కి దిగాలి. "ఇంత పెద్ద కొట్టు కాళ్ల దగ్గరికి తెచ్చి పెడితే ఇంకా ఆ సంతకెవడెల్తాడు?" అని షావుకారు మీసం దువ్వుకున్నాడు.

అతని లెక్క మరీ తప్పేం కాదు. ఊళ్లో సగంమంది అటే మళ్లారు. సోములమ్మ మాత్రం మళ్లలేదు. కూతురు కనకను కొండ అవతలి ఊరికిచ్చింది. సంతరోజు తప్ప ఆ పిల్లను అత్తవారు గడప దాటనివ్వరు. సంత ఎత్తిపోతే కూతురి మొహం చూసే దారే ఉండదు. ఉప్పు ఎవడైనా కొలుస్తాడు, కనకను ఏ కొట్టులో చూపిస్తారు?

ఆ సంతరోజు పొద్దున్నే చింతపండు బుట్ట నెత్తికెత్తుకుని బయల్దేరింది. వెనకాల పొరుగింటి సుక్రు, మరికొందరు. కొట్టు దాటి కాలిబాట కొండెక్కే చోట అందరూ ఆగిపోయారు. బాటకు అడ్డంగా ఆకుకొమ్మ పడి ఉంది. ఆ కొండల్లో అది తలుపు వేసినట్టే. అమ్మోరి పేర పూజారి వేస్తాడు, మళ్లీ అతను తీసేదాకా ఎవరూ దాటరు.

"అమ్మోరు దారి మూసేసింది. ఎనక్కెల్లిపోదాం సిన్నమ్మా" అన్నాడు సుక్రు.

కొట్టు అరుగు మీంచి వరహాలరావు తియ్యగా పిలిచాడు. "అమ్మోరికి కోపం తెప్పించకండి. ఇలా రండి, ఏటి కావాలో నా కాడ తీసుకోండి."

అవతల కనక ఎదురుచూస్తూ ఉంటుంది. సోములమ్మ అమ్మోరికి దండం పెట్టుకుందామని బుట్ట దించి వంగింది. వంగిన మనిషి అలాగే ఉండిపోయింది. అది మామిడికొమ్మ. పిందెలు కూడా ఉన్నాయి.

కొత్త మామిడి పండుగ ఇంకా కాలేదు. పండుగనాడు అమ్మోరికి పెట్టేదాకా ఈ కొండల్లో పసిపిల్లలు కూడా పిందె ముట్టరు. అలాంటిది పూజారి కొమ్మ విరుస్తాడా? ఈ కట్టుబాటు తెలియక విరిచేవాడు ఇక్కడ ఒక్కడే ఉన్నాడు. వాడు అరుగు మీద కూర్చుని నవ్వుతున్నాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. కొమ్మ ఎత్తి, సరాసరి వెళ్లి కొట్టు గుమ్మానికి అడ్డంగా పడేసింది.

"ఏటి సేత్తన్నావే!" అని షావుకారు అరిచాడు.

"దారి మూసిన కొమ్మ గుమ్మం మూయదా సావుకారూ? ఇది అమ్మోరిదైతే నువ్వు ముట్టకూడదు. కాదంటావా, ఎవులు ఇరిసేరో సెప్పు. పండక్కి ముందు మావిడి ఇరిసినోడి సేత ఊరు తప్పు కట్టిస్తాది."

వరహాలరావు కొమ్మ మీదికి చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు. సుక్రు పిందెలను చూశాడు, షావుకారును చూశాడు, పక్కకు తిరిగి ఉమ్మేశాడు. అంత పెద్ద కొట్టు, అంత దగ్గర. ఆరోజు ఆ గడప ఒక్కరూ తొక్కలేదు.

సంతలో కనక ఏడుపు మొహంతో ఎదురొచ్చింది. "ఇంత ఆలీసమేటే అమ్మా? రావనుకున్నాను."

"రాకేం సేత్తాను?" అంటూ సోములమ్మ బుట్ట దించింది. "మా ఊరి కింద కొట్టుకి తలుపేసొచ్చేను."