పగటి నిద్ర

చెవుల్లోంచి దూది తీసి, జుట్టులోని నూలు దుమ్ము దులుపుకుంటూ లింగమూర్తి గదిలోకి వచ్చేసరికి అంబదాస్ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. సూరత్ దగ్గరి కిమ్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే ఈ ఇద్దరికీ ఉన్నది ఒక్క గది, ఒక్క పరుపు. అంబదాస్‌ది పగటి డ్యూటీ, లింగమూర్తిది రాత్రి డ్యూటీ. ఒకరు లేస్తేనే ఇంకొకరు పడుకోవాలి.

"మెట్లెక్కుతుంటే మల్ల కండ్లు తిరిగినయా అన్నా?"

"జర తిరిగినయ్. ఏం గాదు. గుండెకేమన్న అయితే దవాఖానోళ్ళు ఫోన్ చెయ్యరా?"

తలాపున ఉన్న తెల్ల పెట్టె మీద అంత నమ్మకం లింగమూర్తికి. లాక్‌డౌన్‌కు ముందు ఛాతీలో పేస్‌మేకర్ అమర్చినప్పుడు సూరత్ ఆసుపత్రివాళ్ళు దాన్నిచ్చారు. పడుకునేచోట పెట్టుకో, లోపలి మిషన్ చెప్పేదంతా తీగ లేకుండానే అందుకుని మాకు పంపుతుంది అన్నారు. ఊళ్ళో ఉన్న భార్య వెంకటవ్వ ఫోన్లో ఆరోగ్యం అడిగినప్పుడల్లా, నాకు కావలి ఉన్నదిలే అని నవ్వేవాడు.

లాక్‌డౌన్‌లో ఊళ్ళకు పోయిన పనివాళ్ళలో సగంమంది తిరిగి రాలేదు. కార్ఖానా సేఠ్ ఆయన్ని రాత్రి డ్యూటీకి మార్చాడు. వంగిన నడుము, సాంచాల మోతకు సగం పోయిన చెవులు. తెగిన పోగును చూడకుండానే ముడివేసే వేళ్ళు మాత్రం ఇంకా పడుచువే. మీసాలు రాకముందు నుంచీ ఎవరికీ ఎదురు చెప్పి ఎరగడు. సరేనన్నాడు.

మధ్యాహ్నం నిద్రలో ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి ఊర్మిళ అనే అమ్మాయి. ఇన్నాళ్ళూ అందరూ కరోనా వార్డుల్లోనే ఉన్నారట, ఇప్పుడు చూస్తే నెలల తరబడి ఆయన నుంచి ఏమీ అందలేదట. రాత్రిళ్ళు పెట్టె పక్కనే పడుకుంటున్నారా అని హిందీలో అడిగింది.

"రాత్ డ్యూటీ హై మేడమ్. దిన్ మే సోతా."

రాత్రంతా పని, నిద్ర పగలేనని విని ఆమె కంగారుపడింది. ఆ పెట్టె రాత్రిపూట మాత్రమే పనిచేస్తుందని, ఈ రాత్రి తప్పకుండా దాని దగ్గర పడుకోమని, పొద్దున చూసి చెబుతానని అంది. కళ్ళు తిరుగుతున్న సంగతి చెప్పాలని ఆయనకు తోచలేదు.

ఫోన్ రాలేదంటే బాగున్నట్టే అనుకుని కొట్టిపారేసిన ఆయాసాలన్నీ అప్పుడు గుర్తుకొచ్చాయి. లింగమూర్తికి చాలా భయం వేసింది. మళ్ళీ కన్ను మూతపడలేదు.

సాయంత్రం ఆ మాట విని అంబదాస్ నెత్తి పట్టుకున్నాడు.

"అయ్యో! రాత్రంత దాని పక్కన పండేది నేను గదన్నా! నా గుండె చప్పుడు నీ కాతాల పోతదేమోనని అటు దిక్కు మర్లకుండ పన్న."

లింగమూర్తికి నవ్వొచ్చింది. "పోతే మంచిగుండు. పడుచు గుండె."

"నవ్వకు. గీ రాత్రి నీ సాంచాలు నేను నడుపుత. నువ్వు పండుకో."

"పొద్దంత నిలవడి వచ్చినవ్ గదరా తమ్మీ."

"పండుకో అంటున్న."

అంబదాస్ రెండు ముద్దలు తిని, అవే కాళ్ళతో మళ్ళీ కార్ఖానాకు వెళ్ళాడు.

తెల్లవారి అంబదాస్ తలుపు తోసేసరికి ఫోన్ మోగుతోంది. లింగమూర్తి పెట్టెకు దగ్గరగా, గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అంబదాసే ఎత్తాడు. రాత్రి అన్నీ అందాయని, గుండె బాగా లయ తప్పిందని, వెంటనే తీసుకురమ్మని ఊర్మిళ ఆత్రంగా చెబుతోంది. వింటూనే అన్న భుజం తట్టాడు. మళ్ళీ తట్టాడు. ఒళ్ళు చల్లగా తగిలింది.

"లాతా హూఁ మేడమ్" అన్నాడు, తీసుకొస్తానని తప్ప ఇంకేమనాలో తెలియక. తర్వాత పరుపు అంచున కూలబడి, బిగ్గరగా ఏడ్చాడు.

స్టవ్ పక్కన, పొద్దున అలిసిపోయి వచ్చే మనిషి కోసం లింగమూర్తి రాత్రి నానబెట్టిన పెసర్లు, ఇద్దరికి సరిపడా, ఉబ్బి గిన్నె మూతను కాస్త పైకి ఎత్తాయి.