పీకో మిషన్ మీద నా అభ్యంతరం

పక్కింటి నవనీత తెచ్చిన కాగితం మీద మూడిళ్ల వాళ్లు సంతకాలు పెట్టారు. నేను పెట్టలేదు.

కాగితంలో విషయం చిన్నదే. ఇంట్లో పీకో మిషన్ పెట్టుకుని చీరలకు ఫాల్స్ కుట్టడానికి, కొంగులకు కుచ్చులు వేయడానికి మున్సిపాలిటీ లైసెన్సు కావాలి. ఇళ్ల మధ్య వ్యాపారం కాబట్టి చుట్టుపక్కల వాళ్లు అభ్యంతరం లేదని రాసివ్వాలట. ఎవరైనా అభ్యంతరం ఉందంటే ఆఫీసు నుంచి మనిషి వచ్చి చూస్తాడు. లైసెన్సు రాకపోతే నవనీత మిషన్ ఎత్తుకుని బజార్లో దుకాణం పెట్టుకోవడానికి అద్దె మడిగె వెతుక్కోవాలి. ఇద్దరు పసిపిల్లలతో అది అయ్యే పని కాదని తనకూ తెలుసు, నాకూ తెలుసు.

"అత్తా, జర సంతకం పెట్టరాదు. మీదొక్కటే మిగిలింది," అంది గుమ్మంలో నిలబడి.

"చప్పుడైతుంది. పగటీలి కన్ను మూద్దామంటే ఆ మిషన్ మోత. నేను పెట్ట," అన్నాను.

పగలు పడుకునే అలవాటు నాకు ఈ జన్మలో లేదు. అది నవనీతకీ తెలుసు. అయినా కాగితం నెమ్మదిగా మడుచుకుని వెళ్లిపోయింది. ఆ ఓపిక చూసి నాకు ఇంకా మండింది.

అసలు సంగతి మిషన్ కాదు, ధనలక్ష్మి.

మా వీధి చివరి ఇల్లు ధనలక్ష్మిది. పద్దెనిమిదేళ్లుగా మధ్యాహ్నం అన్నం తినగానే మా అరుగు మీదికి వచ్చేది. ఇద్దరం మగ్గానికి కావలసిన నూలు కండెలకు చుట్టుకుంటూ గద్వాలలో ఒక్కరినీ వదలకుండా అందరి ముచ్చట్లూ చెప్పుకునేవాళ్లం. తన రాట్నం కూడా మా ఇంట్లోనే ఉండేది. పోయిన ఉగాది తర్వాత నవనీత కుచ్చులు వేయడం నేర్పిస్తానంది. "రెండొద్దులు చూసొస్త అక్కా," అని వెళ్లింది ధనలక్ష్మి. రెండు రోజులు నాలుగు నెలలయ్యాయి. ఇప్పుడు మా గడప దాటుకుని నవనీత గడప ఎక్కుతుంది. వెళ్తూ వెళ్తూ నావైపు చూసి ఒక నవ్వు నవ్వుతుంది, చుట్టాలకు నవ్వినట్టు.

నేను చీపురు పట్టుకుని రోజుకు మూడుసార్లు వాకిట్లోకి వచ్చేదాన్ని. ఊడవడానికి కాదు. నవనీత గుమ్మం ముందు చెప్పులు చూడటానికి. ధనలక్ష్మి నీలం చెప్పులు అన్నిటికంటే ముందే వచ్చి గోడ పక్కన ఉండేవి. ఆ ఇంట్లో కొత్త ఫ్యాను ఉంది, యాలకుల చాయ్ ఉంది, వనపర్తి నుంచి చీరలు తెచ్చే కాలేజీ అమ్మాయిలున్నారు. మా ఇంట్లో ఏముంది? మగ్గం, మగ్గం మీద వంగిన మా ఆయన వీపు.

"ఆమెకు పని దొరికింది. పోనియ్యరాదు," అన్నాడు మా ఆయన గోపాలయ్య.

పోనిస్తే పోతుంది. నా బాధ అదే కదా.

అభ్యంతరం కాగితం నేనే రాసుకుని, నేనే వెళ్లి మున్సిపాలిటీలో ఇచ్చి వచ్చాను. ఆ సాయంత్రమే ధనలక్ష్మి వచ్చింది. నాలుగు నెలల తర్వాత మా అరుగు గుర్తొచ్చిందన్నమాట.

"ఏందక్కా, ఆ పిల్ల నీకేం జేసింది? ఆమె పొట్ట మీద ఎందుకు కొడుతున్నవ్?"

"నువ్వేంది, ఆమె వకీలువా?"

"వకీలునే అనుకో. నీకు గింత కుళ్లు ఎందుకో నాకు తెల్వదు."

"తెల్వకుంటే పో. ఎట్లయినా పోయినదానివే."

ధనలక్ష్మి లోపలికి వెళ్లి మూలనున్న తన రాట్నం తీసుకుంది. బయటికి వస్తూ గుమ్మంలో కాసేపు ఆగింది. నేను వద్దంటానని ఆగిందేమో. కళ్లు మంటపుడుతున్నా మొహం తిప్పుకుని కూర్చున్నాను.

వారానికి మున్సిపాలిటీ నుంచి వంశీధర్ అనే ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ముందు నవనీత ఇల్లు చూసి, తర్వాత మా ఇంటికి వచ్చి, రెండిళ్లకూ ఉమ్మడిగా ఉన్న గోడ దగ్గర కుర్చీ వేయించుకున్నాడు. కాగితాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఏదమ్మా చప్పుడు?"

"ఇనుండ్రి సారూ. మీకే తెలుస్తది."

చెవి గోడకు ఆనించి విన్నాడు. నన్ను చూశాడు. మళ్లీ విన్నాడు.

"మీ మగ్గం తప్ప నాకేం వినపడుతలేదు."

"మగ్గం చప్పుడేంది సారూ?" అన్నాను. నిజంగానే అన్నాను. కాపురానికి వచ్చి ముప్పై రెండేళ్లు, ఆ టకటకలోనే వండాను, తిన్నాను, పిల్లల్ని నిద్రపుచ్చాను. అది చప్పుడని ఎవరూ అనగా వినలేదు.

"జర ఆపమనుండ్రి," అన్నాడాయన.

మా ఆయన మగ్గం ఆపి, నూలు కండె పెట్టే నాడె చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఇల్లంతా ఒక్కసారి ఖాళీ అయినట్టనిపించింది. గోడ అవతల మిషన్ కాసేపు బర్రుమని ఆగింది. మా మిక్సీ అంత కూడా లేదు. ఆ తర్వాత ఒక గొంతు వినిపించింది. ధనలక్ష్మిది.

"...బీచుపల్లి హనుమంతుని మొక్కి బస్సెక్కిన. ఎర్రవల్లి కాడ బస్సు గద్వాల దిక్కు మల్లలే, సీదా పోవట్టె. అందరు నిద్రల ఉన్నరు. నేనే లేసి, చేతిల కొబ్బరి చిప్పతోని బస్సు రేకు దబదబ కొట్టిన. ఆపుర్రా, కర్నూలుకు తీస్కపోతున్నవా అని ఒకటే ఒర్లుడు!"

ఆడవాళ్లు పగలబడి నవ్వారు.

"ఒక్కదానివే పోయినవా అత్తా?" నవనీత గొంతు.

మిషన్ మళ్లీ బర్రుమని ఆగింది.

"ఆ, ఒక్కదాన్నే," అంది ధనలక్ష్మి.

ఆ కొబ్బరి చిప్ప నా చేతిలోది. రేకు మీద కొట్టింది నేను. ధనలక్ష్మి నా భుజం మీద తల వాల్చి నోరు తెరుచుకుని నిద్రపోతోంది. నడిరోడ్డు మీద దింపేస్తే ఇద్దరం ఆ కొబ్బరే కొరుక్కుంటూ, కడుపు పట్టుకుని నవ్వుకుంటూ వెనక్కి నడిచాం. ఎన్నిసార్లు చెప్పుకున్నామో ఆ ముచ్చట. ఎప్పుడు చెప్పినా, లేచి కొట్టే చోటికి రాగానే నా వైపు చెయ్యి చూపించి తను ఆగిపోయేది. మిగతాది నేను చెప్పేదాన్ని. నా స్నేహితురాలిని నవనీత తీసుకుపోయిందని ఇన్నాళ్లూ కుళ్లుకున్నాను. ఇప్పుడు ధనలక్ష్మి ఆ ముచ్చటలోంచి నన్నే తీసేసింది.

వంశీధర్ రాసుకోవడం ముగించాడు.

"మిషన్ చప్పుడు లెక్కలకు వచ్చేది కాదమ్మా. ఆడోళ్లు నవ్వుతుండ్రని లైసెన్స్ ఆపలేం. ఇయ్యొచ్చనే రాస్తున్న. ఇంకేమన్న అభ్యంతరం ఉంటే చెప్పు, అది గూడ రాస్త."

కరెంటు గురించి, గుమ్మం ముందు బండ్ల గురించి, దారపు చెత్త గురించి వారం నుంచి కూడబెట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి.

"రాసుకో సారూ," అన్నాను. "ఆ బస్సుల నేను గూడ ఉంటి. బస్సు ఆపింది నేనే అని రాయి."

ఆయన పెన్ను పట్టుకుని నన్నూ, మా ఆయన్నీ మార్చి మార్చి చూశాడు.

"ఏ బస్సమ్మా?" అన్నాడు.