పోపులపెట్టెలో రెండు చిప్‌లు

ఇల్లంతా గిన్నెలుండగా ఆవాలగిన్నే దొరికిందా ఈయనకి, పోపులపెట్టెలోంచి అదే తీసి, ఆవాలు జీలకర్రలో గుమ్మరించి, చిప్‌లు వేసుకోవాలా అని సుభద్ర వంటింట్లోంచి అరిచింది, అబ్బ, గిన్నే కదా సుభద్రా, దానికింత రాద్ధాంతమా అన్నాడు భరద్వాజ్ తలెత్తకుండా, గిన్నే కదా, అవును, ఇప్పుడా ఆవాలెవరు ఏరతారు, నేను ఏరతాలే ఆంటీ అని ఆయన పక్క కుర్చీలోంచి ప్రవల్లిక నవ్వింది, ఏడెనిమిదేళ్ల తేడాకే తను ఆంటీ, ఆయన మాత్రం ఉత్త భరద్వాజ్, ఒకే ఆఫీసైతే పేరు పెట్టి పిలవచ్చు కాబోలు, నోయిడాలో ఆఫీసుండగా ఆదివారంపూట వైశాలిలో ఇంట్లో తన అన్నాలబల్ల మీదే పరీక్షలేమిటంటే, రేపు డైరెక్టరుకి చూపించాలట, ఇన్వర్టర్ బోర్డులో వాడే చిప్ దొరకడం లేదట, వేరే కంపెనీది అచ్చం అలాంటిదే వచ్చిందట, అవే నలభై కాళ్లు, అదే సాకెట్, అదే ప్రోగ్రాం, ఒకదాన్ని తీసి ఇంకోదాన్ని పెట్టినా ఎవరికీ తేడా తెలియదు అంటున్నాడాయన, సుభద్ర చేతిలో వంకాయ ఆగిపోయింది, ఎవరికీ తేడా తెలియదట.

చూడు, ఆ పిల్ల ఆయన అడక్కముందే స్క్రూడ్రైవర్ అందిస్తోంది, ఇద్దరి తలలూ ఒక్కచోటే, కరెంటు వచ్చాక బోర్డు కాసేపాగి టక్కుమనాలట, పాత చిప్ ఆగే టక్కుమంది, కొత్తది తొందరపడింది, అరే యార్, డ్రై సోల్డరింగేమో, అతుకు సరిగ్గా పడలేదేమో అంటుంది ప్రవల్లిక, కాదు, చిప్‌కి వేగాన్నిచ్చే క్రిస్టల్ మార్చి చూద్దాం అంటాడాయన, మార్చారు, మళ్లీ తొందరే, ఆవాలు ఎప్పుడు చిటపటలాడాలో చెవితో తెలుసుకునే మనిషికి ఆ టక్కు తెలియదా, సరిగ్గా సగం సేపటికే వస్తోంది, కాకినాడలో ఎలక్ట్రానిక్స్ చదివేటప్పుడు కాంతమ్మ మేడం చేత్తో లెక్క వేయించేది, ఆగడమంటే చిప్ ఊరికే అంకెలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవడమే అమ్మాయిలూ అని, రెండింతల వేగంగా లెక్కపెడితే సగంలోనే అయిపోతుంది, అంతే, చెబుదామా, ఎందుకు చెప్పాలి, భరద్వాజ్, ఇది తేలకపోతే నా ఉద్యోగం కన్ఫర్మేషన్ గోవిందా అంటోంది ఆ పిల్ల, నవ్వు పోయింది మొహంలో, పోనీ, కాసేపు పోనీ, నూనెలో వంకాయలు హాయిగా వేగుతున్నాయి.

ఆ జెర్రుల్ని తీస్తే అన్నాలు తింటాం అని అత్తగారు భానుమతి కంచాలు పట్టుకు నిలబడింది, సుభద్రే వచ్చి తీసింది, కొత్త చిప్ వేళ్ల మధ్య ఉంది, చురుకైన సన్నటి కాళ్లు, పెళ్లయ్యాక మళ్లీ ఇప్పుడే ముట్టుకోవడం, సాకెట్లో పెట్టి బొటనవేలితో నొక్కితే అదే బిగువు, గుండెలో ఏదో సర్దుకు కూర్చుంది, ఇంతసేపూ ఆ పిల్ల ఆయన పక్కన కూర్చుందని కదా ఉడుక్కుంది, ఆయన అవతలికి లేచి వెళ్లినా ఆ కుర్చీని, ఆ పనిని చూస్తే ఇంతే మండేది.

ప్రోగ్రాంలో ఆగే లెక్క రెట్టింపు చెయ్యి, కొత్తదానికి వేగం ఎక్కువ అంది, ప్రవల్లిక లాప్‌టాప్‌లో అంకె మార్చి మళ్లీ ఎక్కించింది, బోర్డు ఆగింది, ఆగింది, టక్కుమంది, అక్కా అని అరిచింది ఆ పిల్ల, ఆంటీ ఎప్పుడు పోయిందో, సుభద్ర అందరికీ కూర వడ్డించి, తనూ కంచం ముందు కూర్చుని చెప్పింది, మీ ఆఫీసులో టెస్టింగుకి ఇంకొకరు కావాలన్నారుగా, రేపు మీతో నేనూ వస్తున్నా, ఆ ఉద్యోగం డైరెక్టర్నే అడుగుతా, భరద్వాజ్ చేతిలో ముద్ద ఆగింది, మరి వంటో అన్నాడు, పోపులపెట్టె ఎక్కడుందో మీకు తెలిసిందిగా.