సూది వెయ్యని రోజు

పొద్దున్న గిన్నెలు తోముతుంటే వెనకాల గచ్చు మీద కుక్క గోళ్ళ చప్పుడు వినిపించింది. మా ఇంట్లో కుక్క లేదు. రోజంతా ఆస్పత్రిలో కుక్కలతో, పిల్లులతో గడిపేవాళ్ళం, ఇంటికొచ్చాక కూడానా అని పెంచుకోలేదు. కుళాయి కట్టేస్తే చప్పుడు ఆగింది. తిప్పగానే మళ్ళీ మొదలైంది. "నీళ్ళ చప్పుడే. నువ్వు ఊరికే ఏదో ఒకటి ఊహించుకుంటావు" అన్నారు మా ఆయన పేపరు మడుస్తూ. అత్తగారు ఇంకో అడుగు ముందుకేశారు. "చచ్చినవాటిని ఇంటికి మోసుకురాకమ్మా. ఇద్దరూ డాక్టర్లయినా ఇంట్లో ఒకరైనా మనిషిలా ఉండాలి కదా." నేను మోసుకురావడమేమిటి, అదే నా వెనకాల వచ్చింది.

గోధుమరంగు కుక్క అది. ఒళ్ళంతా పొక్కులు, దురద. మొదటిసారి వచ్చినప్పుడే చెప్పాను, జబ్బు చర్మం పైపైనే ఉంది, మందు షాంపూతో స్నానాలు చేయిస్తే చాలు, యాంటీబయాటిక్ అక్కర్లేదు అని. దాని యజమాని బుద్ధిగా తలూపి, నా గది దాటి మా ఆయన గదిలోకి వెళ్ళాడు. మా ఇద్దరిదీ ఒకే చదువు, మార్కులు నాకే ఎక్కువ. అయినా మా ఆస్పత్రిలో ఆయన 'డాక్టరుగారు', నేను 'మేడమ్'. ఆయన యాంటీబయాటిక్ సూది వేశారు. తగ్గింది. మళ్ళీ వచ్చింది. ఈసారి ఇంకాస్త గట్టి మందు. ఆ తర్వాత ఇంకా గట్టిది. చివరికి ఆ క్రిమి రక్తంలోకి దిగినప్పుడు, దాన్ని గాజు పళ్ళెంలో పెంచి, మీద రకరకాల మందు బిళ్ళలు పెట్టి చూశాను. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ క్రిమి చచ్చి ఖాళీ వలయం ఏర్పడుతుంది. ఒక్క బిళ్ళ చుట్టూ కూడా రాలేదు. వేసిన సూదులన్నిటికీ ఆ క్రిమి రాటుదేలిపోయింది. కుక్క నా చెయ్యి నాకుతూ నాకుతూ ఆగిపోయింది. "మన ప్రయత్నం మనం చేశాం" అన్నారు మా ఆయన. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

ఇవాళ భార్యాభర్తలిద్దరు ఆస్పత్రికి తెల్లకుక్కని తెచ్చారు. అవే పొక్కులు, అదే దురద. ఇదివరకే మా ఆయన దానికి చాలా సూదులు వేశారు. కిందటిసారి దాని పొక్కులోంచి తీసిన క్రిమిని పరీక్షిస్తే, పళ్ళెంలో ఒకే ఒక్క బిళ్ళ చుట్టూ వలయం వచ్చింది. మనుషుల ఆస్పత్రుల్లో కూడా, ఇంకేదీ పనిచెయ్యనప్పుడు వాడదామని దాచుకునే మందు అది.

"ఇంకేం, దొరికిందిగా. అదే వేసెయ్" అన్నారు మా ఆయన.

"ఇది కూడా పనిచెయ్యకుండా పోతే?"

"అప్పటి సంగతి అప్పుడు చూద్దాం. వాళ్ళు సూది కోసం వస్తారు, నీ ఉపన్యాసం కోసం కాదు."

బల్ల కింద ఏదో కదిలినట్టయింది. వంగి చూడలేదు. చూస్తే గోధుమరంగే కనిపిస్తుందని భయం.

వాళ్ళని నా గదిలో కూర్చోబెట్టి చెప్పాను. సూది వద్దు, రోజు విడిచి రోజు ఈ షాంపూతో స్నానం చేయించాలి, నురగని పది నిమిషాలు ఒంటి మీదే ఉండనివ్వాలి. "ఓస్, అంతేనా?" అన్నాడు భర్త. "ఇంట్లో ఈవిడ ఉందిగా, చేస్తుంది. దీనికి నేనంటే ప్రాణం మేడమ్, తగ్గితే చాలు." అని ఫోనొస్తే బయటికి వెళ్ళాడు.

అప్పటిదాకా నోరు విప్పని భార్య నా దగ్గరికి జరిగింది. సబ్బునీళ్ళకి ఆమె వేళ్ళు పొట్టు లేచిపోయి ఉన్నాయి. "సూదే వేసెయ్యండి మేడమ్. మామగారు మంచం మీద ఉన్నారు, ఆయనకి నీళ్ళు పోసేది నేనే. పిల్లలకీ నేనే. ఇప్పుడు దీనికి కూడానా? నా వల్ల కాదు. మీకు దణ్ణం పెడతాను."

ఇన్నేళ్ళూ ఇది నాకూ మా ఆయనకీ మధ్య తగువనుకున్నాను. సూది వద్దన్నప్పుడల్లా గెలిస్తే బావుండుననుకున్నాను గానీ, నేను రాసే ఆ స్నానాలకి నీళ్ళు తోడేది ఎవరు, వంగేది ఎవరి నడుము అని ఒక్కసారీ అడగలేదు. నేను చెప్పే మంచి వైద్యమంతా ఏదో ఒక ఇంట్లో ఏదో ఒక ఆడదాని నెత్తినే పడుతుంది. సూది వేస్తే ఈ తెల్లకుక్క కూడా ఆ గోధుమరంగు దాని దారినే పోతుంది. వెయ్యకపోతే ఈవిడ కూలబడిపోతుంది. ఎవరిని బతికించాలి నేను?

భర్త ఫోను జేబులో పెట్టుకుంటూ లోపలికొచ్చాడు.

"చొక్కా చేతులు పైకి మడవండి" అన్నాను.

"నేనా?"

"దానికి మీరంటే ప్రాణమన్నారుగా. ఇక్కడే నేర్పిస్తాను. ఇంటి దగ్గర మీరే చేయించాలి."

నవ్వాడు. నేను నవ్వడం లేదని చూసి, అల్లం తిన్నవాడిలా మొహం పెట్టి చేతులు మడిచాడు.

మా ఆయన గుమ్మంలోంచి నన్ను పక్కకి పిలిచారు. "మతి పోయిందా? మళ్ళీ మన గుమ్మం తొక్కుతాడా? జరుగు, నేను వేస్తాను." మందుల అలమర తెరిచి వెతికారు. ఆ మందు సీసా అప్పటికే నా కోటు జేబులో ఉంది. "నేను వెయ్యను. మిమ్మల్నీ వెయ్యనివ్వను" అన్నాను. చాలాసేపు నన్నే చూశారు. పెళ్ళయ్యాక ఆయన నన్ను అంతసేపు చూడడం అదే మొదలనుకుంటాను. అలమర మూసేసి వెళ్ళిపోయారు. సాయంత్రం ఇంట్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు, తెలిసే చేశాను.

తొట్టిలో తెల్లకుక్క నురగలో మునిగి నిలబడింది. అతను మోచేతులదాకా తడిసిపోయి, దాని మెడ కింద జాగ్రత్తగా రుద్దుతున్నాడు. అతని భార్య గోడవార కుర్చీలో కూర్చుంది. ఊరికే కూర్చోవడం అలవాటు లేక, కాసేపు చీర కొంగు సర్దుకుంది, కాసేపు సంచీ తీసి మళ్ళీ మూసింది. తర్వాత చూస్తే తల గోడకి ఆన్చి నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని, చంటిపిల్లలా ఒళ్ళు తెలీకుండా.

"టైమయిందా మేడమ్?" అన్నాడు అతను నడుం పట్టుకుంటూ. "ఏమే, ఆ తువ్వాలు ఇలా..."

నోటి మీద వేలుంచి అతన్ని ఆపాను. గోడ గడియారం వైపు చూశాను. పది నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి.

"ఇంకా అవలేదు" అన్నాను.