సగం దగ్గర ఆగిన ముల్లు

తాళాలు బిగించిన పెద్దమనుషులారా, మంగళవారం మిట్టమధ్యాహ్నం ఆక్సిజన్ బండిని నడిరోడ్డు మీద ఆపింది మీరు. డ్రైవరు కాదు.

ఇరవై రెండేళ్ళ పాత పికప్ అది. డీజిలు ముల్లు సగం చూపిస్తుండగానే రెండుసార్లు దగ్గి చచ్చూరుకుంది. ట్యాంకులో చుక్క లేదు. వెనక తొమ్మిది సిలిండర్లు. అవి చేరేదాకా ఆసుపత్రిలో ఒక నర్సు నలభై నిమిషాలు చేత్తో గాలి సంచి నొక్కుతూ ఒక ముసలాయన ప్రాణం పట్టుకుని నిలబడింది. ఆయన బతికాడు. ఆమె చేతులు రెండు రోజులు దువ్వెన పట్టలేకపోయాయి.

దీనికి సిలిండర్లు పంపే స్టోరు మేనేజరు తేల్చిన న్యాయం ఒకటే: సగం ట్యాంకు డీజిలు డ్రైవరు కాజేశాడు. శుక్రవారం సాయంత్రం నాలుగుకల్లా ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. పెట్టకపోతే గేటు బయటికి. పెడితే దొంగ, ఇక ఏ బండీ చేతికి రాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మునుపు డ్రైవరు సీటు కింద గాట్లు పెట్టిన వెదురు పుల్ల ఒకటి ఉండేది. పొద్దున్నే ట్యాంకులో ముంచి, తడి ఏ గాటు దాకా వచ్చిందో చూసి బయల్దేరేవాడు. ముల్లు ఏం చెప్పినా పట్టించుకునేవాడు కాదు. రెండు నెలల కిందట, డ్రైవర్లందరూ దొంగలేనని ట్యాంకు మూతలకు తాళాలు పడ్డాయి. తాళంచెవులు మేనేజరు నడుముకు చేరాయి. పుల్ల పొయ్యిలోకి పోయింది. అప్పుడు డ్రైవరు ఫిర్యాదుల పుస్తకంలో మూడుసార్లు రాశాడు: 'ముల్లు సగం దగ్గర ఆగిపోతోంది.' మూడుసార్లూ పక్కన ఎర్ర ఇంకుతో ఒకటే మాట: 'చూశాం.'

శుక్రవారం పొద్దున షెడ్డులో మెకానిక్ బండి కింద దూరాడు. అతను డ్రైవరుకు అక్క మొగుడు.

"అంత డీజిలు తాగినవాడివి, కాస్తయినా ఒళ్ళు చెయ్యొద్దట్రా?"

"నవ్వు రావట్లేదు బావా."

"మీ అక్కను కట్టుకున్నప్పట్నుంచీ నాకూ రావట్లేదు. స్విచ్ వెయ్యి. ఇంజను వద్దు."

ట్యాంకు మీది తీగ ఊడదీశాడు. "ముల్లు?"

"కిందకి పడిపోయింది."

తీగ కొసను ఛాసిస్ ఇనుముకు తాకించాడు. "ఇప్పుడో?"

"నిండుగా చూపిస్తోంది."

"అయితే మీటరు మంచిదే, తీగా మంచిదే. అబద్ధమాడేది ట్యాంకులో ఉంది."

ట్యాంకు దించి, డీజిలు మీద తేలుతూ ముల్లును నడిపే బెండునూ దాని కడ్డీనీ బయటికి లాగారు. చేత్తో పైకీ కిందికీ ఆడిస్తే కడ్డీ సాఫీగా కదిలింది. ఖాళీ ట్యాంకులో మళ్ళీ దింపితే సగంలోనే టక్కున ఆగింది. బావ ట్యాంకు తిరగేశాడు. పక్కన పిడికిలంత సొట్ట, లోపల కడ్డీ దారికి అడ్డంగా.

డ్రైవరు సొట్టను వేలితో తడిమాడు. ఆ సొట్ట పుట్టిన రోజు అతనికి తెలుసు. ట్యాంకుకు దెబ్బ తగలకుండా కింద కాసే రేకు తుప్పు పట్టి ఊడితే కొత్తది అడిగాడు. 'చూశాం' అన్నారు. ఆ వారమే రాయి తగిలింది. తిడతారని ఎవరికీ చెప్పలేదు. చేతిలో పుల్ల ఉంది, ముల్లు ఎలా పోతే నాకేమిటనుకున్నాడు. పుల్ల పోయాక కూడా ముల్లు సంగతే రాశాడు గాని రాయి సంగతి రాయలేదు. ఇప్పుడు బావకు చెప్పేశాడు.

"ఇది చూపిస్తే రాయి కథ కూడా బయటికొస్తుందిరా," అన్నాడు బావ మెల్లగా.

"రానీ. ఆ నర్సు చేతులు గుర్తొస్తే నిద్ర పట్టట్లేదు."

నాలుగింటికి మేనేజరు కాగితంతో వచ్చాడు. సొట్ట చూశాడు, కడ్డీ చూశాడు. చెయ్యి దానంతటదే నడుము దగ్గరి తాళంచెవుల మీదికి పోయింది. "సరేలేవయ్యా, చూద్దాం."

"చూసింది చాలండి," అన్నాడు డ్రైవరు. "రాయి తగిలింది నా చేతుల్లో, దాచిందీ నేనే. అది రాయండి, సంతకం పెడతాను. దొంగ అన్న కాగితం మాత్రం నా ఎదురుగా చించండి. ఈ బండికి వేరే ట్యాంకు, కింద రేకు వేయించండి. ఎవరి బండి తాళంచెవి వాళ్ళ చేతికివ్వండి. ఆ నర్సు దగ్గరికి మీరూ నేనూ కలిసి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెబుదాం. ఇవాళే. అప్పటిదాకా ఈ బండి కదలదు. సిలిండర్లు ఇంకో బండిలో పంపండి. ముందు దాని తాళం తీసి, ట్యాంకులో పుల్ల ముంచి చూడండి."