మధ్యవయసుకు మనుషులు లేరు

"వయసెంతండీ?" అని అడిగింది ఫోన్లో ఏజెన్సీ అమ్మాయి.

"ముప్ఫై నాలుగు."

"మీది కాదండీ, పేషెంటుది."

"వాడిదే చెప్తున్నా. పేషెంటు కాదు, మా తమ్ముడు."

"అయ్యో, అంత చిన్నవయసులో పక్షవాతమా?"

అక్క ఫోను చెవి దగ్గర్నించి తీసి, దానికేసి ఒకసారి చూసి, మళ్ళీ పెట్టుకుంది. తమ్ముడు మంచాన పడ్డ మనిషి కాడనీ, పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల నెమ్మదనీ, నడుస్తాడు, తింటాడు, కావలసింది నాలుగు ముక్కల్లో అడుగుతాడనీ, కాకపోతే పొయ్యి దగ్గరా రోడ్డు దగ్గరా తోడుండాలనీ అప్పజెప్పింది. ఇన్నిసార్లు చెప్పాక అది పాఠంలా వచ్చేస్తోంది.

"మా దగ్గర పసిపిల్లల్ని చూసేవాళ్ళున్నారు, ముసలివాళ్ళని చూసేవాళ్ళున్నారు. మధ్యవాళ్ళకి లేరండీ," అంది ఆ అమ్మాయి.

అమ్మ ఉన్నన్నాళ్ళూ ఈ బాధ తెలియలేదు. తమ్ముడు చిట్టికి లోకమంతా అమ్మే. అమ్మ పోయాక అక్క సెలవుల మీద సెలవులు పెట్టింది. ఆమెది కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పని. మైనపు చిగుళ్ళలో ఒక్కో పన్నూ పేర్చి, అరిగిన దవడలకు నవ్వులు అమర్చే పని. ఇంటి దగ్గర కూర్చుని చేసేది కాదు. "ఇంకెన్నాళ్ళమ్మా?" అని యజమాని మర్యాదగానే అడిగాడు. మర్యాదగా అడిగితే మరీ భయం.

సంక్షేమ ఆఫీసులో చుక్కెదురైంది. "ముందు మనిషిని కుదుర్చుకుని రండి, అప్పుడు సాయం మంజూరు చేస్తాం," అన్నాడు అక్కడి అధికారి. ఏజెన్సీవాళ్ళేమో, "ముందు మంజూరు చేయించుకు రండి, అప్పుడు మనిషినిస్తాం," అన్నారు. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు అన్న సామెత అక్క నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఆ మొదటి మాట తమ్ముడి గురించి జనం అనగా విని విని, సామెతలో కూడా పలకలేకపోయింది.

చివరికి ఇల్లు తాకట్టు పెట్టినంత పని చేసి, తన జీతంలోంచే ఇస్తానని ఏజెన్సీని ఒప్పించింది.

మొదట ఒక పెద్దావిడ వచ్చింది. మంచి మనిషే. మంచితనమే ఎక్కువైంది. "నాన్నా, ఆ... అను," అంటూ మెడకు తువ్వాలు కట్టి ముద్దలు పెట్టింది. ఏళ్ళ తరబడి తన చేత్తో తను తిన్న చిట్టి, వారం తిరిగేసరికి పళ్ళెం ముందు నోరు తెరుచుకుని కూర్చోవడం మొదలెట్టాడు. చొక్కా గుండీలు కూడా మానేశాడు. ఆవిణ్ణి పంపేశాక వచ్చిన కుర్రాడు చిట్టిని లోపల పెట్టి, బయట గొళ్ళెం వేసి టీ తాగడానికి పోయేవాడు. ఆ సంగతి పైవాటా ఆవిడ చెబితే తెలిసింది. మూడో అతను గుమ్మంలోనే ఆగి చిట్టిని ఎగాదిగా చూసి, "కరుస్తాడా?" అన్నాడు.

"వాడు కరవడు. నేను కరుస్తాను," అంది అక్క. తలుపు అతని ముఖాన వేసేసింది.

నాలుగో మనిషిని చూడగానే నీరుగారిపోయింది. ఇంత లావు, చొక్కాకి ఒక గుండీ లేదు, గొంతేమో వీధి చివరికి వినపడుతుంది. మూతబడ్డ సినిమా హాల్లో గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాడట. ఈ మధ్యే ఏజెన్సీవాళ్ళ దగ్గర నాలుగు వారాల శిక్షణ పొందాడట.

అక్క ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. మిక్సీ వేయకూడదు, చప్పుడుకు భయపడతాడు. స్నానానికి నీళ్ళు నువ్వే తోడాలి. గడ్డం సాయంత్రం నేనొచ్చి గీస్తాను.

"ఇవన్నీ ఆయన్నడిగితే ఆయనే చెప్తారేమోనండీ," అన్నాడతను.

"వాడు చెప్పగలిగితే నువ్వెందుకయ్యా?"

ఈలోగా చిట్టి వచ్చి అతని చొక్కా పట్టుకున్నాడు. "గుండీ ఏదీ?"

"ఊడిపోయిందండీ. బస్సులో."

"కుట్టుకో."

"సూది గుచ్చుకుంటుందని భయం. మీకు దేనికి భయం?"

"మిక్సీ." చిట్టి తన గడ్డం తడుముకున్నాడు. "గడ్డం నేను గీసుకుంటా."

"ఒద్దు!" అంది అక్క. "కోసుకుంటాడు. అమ్మ కూడా ఎప్పుడూ బ్లేడు చేతికివ్వలేదు."

"అమ్మ లేదు," అన్నాడు చిట్టి.

అంతలోనే వాళ్ళిద్దరూ అద్దం ముందున్నారు. గేటాయన తన బుగ్గ ఉబ్బించి, వేలితో గీసి చూపిస్తున్నాడు. చిట్టి ముఖమంతా నురగ, నురగలోంచి రెండు కళ్ళు. అక్క గుమ్మం పట్టుకుని నిలబడింది. చెవి దగ్గర మొదలైన బ్లేడు గడ్డం దాకా వచ్చింది. అక్కడ చర్మం తెగింది.

నురగ మీద ఎర్రటి చుక్క.

"చెప్పానా! చెప్పానా నేను!" అక్క ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. "వద్దయ్యా, వెళ్ళు! మా తిప్పలు మేం పడతాం!"

"తప్పు నాదేనండీ, వంపు దగ్గర మెల్లగా అని చెప్పాల్సింది," అంటూ అతను చల్లటి తువ్వాలు చిట్టికందించాడు. చిట్టి దాన్ని గడ్డానికి అదుముకుని, తీసి, అద్దంలో ఆ గాటుని తిప్పి తిప్పి చూసుకున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"కోసుకున్నా!" అన్నాడు. తర్వాత చెయ్యి చాపాడు. "నువ్వెళ్ళు."

"విన్నావుగా, నిన్నే," అంది అక్క గేటాయనతో.

"అక్కా, నువ్వు," అన్నాడు చిట్టి. "పనికెళ్ళు. రెండో బుగ్గ ఉంది."

కోపమో ఏమో, మెట్లు దడదడా దిగేసింది. ఆ రోజు ల్యాబులో ఎవరి ముందుపళ్ళో వంకరగా పేర్చి, కరిగించి, మళ్ళీ పేర్చింది. ఫోను బల్ల మీద పెట్టుకుంది. మోగలేదు. సాయంత్రం ఇంటికి పరిగెత్తితే, చిట్టి గడ్డానికి రెండు గాట్లు, గేటాయన చొక్కాకి అడ్డదిడ్డంగా కుట్టిన గుండీ.

గేటాయన ఉండిపోయాడు. ఉండిపోయాడని అక్క సుఖపడిందని కాదు. అతను ఆలస్యంగా వస్తాడు, చిట్టి కంటే ఎక్కువ తింటాడు, చూసిన ప్రతి సినిమా కథా మొదట్నించి చెప్తాడు. అతని మాట పట్టుకుని చిట్టి మీసం పెంచుతున్నాడు. అదొకవైపు దట్టంగా, ఒకవైపు బోసిగా ఉంది.

ఒక ఆదివారం చిట్టి బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇవాళ రాడురా. సెలవు."

"నీకు?"

"నాకూ సెలవే. ఇంట్లోనే ఉన్నాగా."

"అయితే నువ్వూ ఎక్కడికైనా వెళ్ళు," అన్నాడు చిట్టి.

ఎక్కడికెళ్ళాలో అక్కకి తోచలేదు. తోచకపోయేసరికి ఒళ్ళు మండింది.

"ముందు టిఫిను తిను, మీసాలాయనా," అని విసుక్కుని, తనకీ ఒక పళ్ళెం పెట్టుకుని వాడి పక్కన కూలబడింది.